డాక్ ఫోల్డరు మార్చాను, మాన్యువల్ మాయమైంది. ఎవరైనా చెప్పండి

నమస్కారమండీ. మాది శ్రీకాకుళం జిల్లా పలాస. జీడిపప్పు బట్టీల్లో గుండు (పూర్తి పప్పు) ఎంత, బద్ద (సగం పప్పు) ఎంత అని పద్దు రాసుకునే చిన్న ప్రోగ్రాం నేనే రాసి, డెబియన్ (ఒక లినక్స్ వ్యవస్థ) ప్యాకేజీగా కట్టి తెలిసినవాళ్లకు ఇస్తున్నాను.

ప్యాకేజీలు రెండు: జీడిలెక్క, జీడిలెక్క-డాక్. మాన్యువల్, నమూనా పద్దులు రెండో దాంట్లో ఉంటాయి. ఇదివరకు అవి యూఎస్ఆర్/షేర్/డాక్ కింద జీడిలెక్క-డాక్ ఫోల్డరులో ఉండేవి. ప్యాకేజీ కట్టే పనిముట్టు డెబ్‌హెల్పర్‌లో కంపాట్ (ఏ తరం పద్ధతిలో కట్టాలో చెప్పే అంకె) 9 నుంచి 13కి మార్చానో లేదో, చెప్పాపెట్టకుండా అసలు ప్యాకేజీ ఫోల్డరులోకి వెళ్లిపోయాయి. 11 నుంచీ అంతేనట. డెబియన్ పాలసీ (ప్యాకేజీల నియమావళి) కూడా అదే మేలంటోంది. నిజానికి నాకూ నచ్చింది, వెతికేవాడికి అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. కాపీరైట్, చేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా) ఫైళ్లు మాత్రం దేని ఫోల్డరులో దానివే.

తెలివి ఉపయోగించి, జీడిలెక్క-డాక్ లోపల పాత మాన్యువల్ ఫోల్డరు ఉన్నచోట కొత్తదానికి సిమ్‌లింక్ (అక్కడికి దారి చూపే లింకు) పెట్టాను. అక్కడే దెబ్బతిన్నాను. కొత్తగా ఎక్కించిన మెషీన్లో బాగానే ఉంది. అప్‌గ్రేడ్ చేసినచోట డీపీకేజీ (ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రాం) పాత ఫోల్డరును అలాగే ఉంచేసింది, లోపల ఖాళీ. "పుస్తకం పోయింది బాబూ" అని బట్టీ గుమస్తా పొద్దున్నే ఫోను.

ప్యాకేజీ మెయింట్‌స్క్రిప్ట్ ఫైల్లో, పాత ఫోల్డరు తీసి సిమ్‌లింక్ పెట్టమనే డిర్-టు-సిమ్‌లింక్ వరస రాయాలని తెలుసు. ఏ వెర్షన్ వరకు ఉన్నవాళ్లకు అది జరగాలో అందులో రాయాలి, అక్కడే ఆగిపోయాను. తప్పు వెర్షన్ 1.4-1 ఇప్పటికే నాలుగు బట్టీల్లో ఉంది. సిమ్‌లింక్ మొదట వచ్చిన 1.4-1 పక్కన టిల్డా (~) పెట్టాలా, దిద్దిన 1.4-2 పక్కనా? అసలు సిమ్‌లింక్ తీసిపారేస్తే గొడవ పోతుందంటారా?