లింకన్ సంతకం ఉన్న చీటీ అసలుదా, అచ్చా?

వంశధార_గట్టు (గుణుపురం): మా గ్రంథాలయానికి పాత పుస్తకాలతో పాటు ఫ్రేము కట్టిన చేతిరాత కాగితం ఒకటి వచ్చింది. 1863 ఆగస్టు తేదీ, కింద ‘ఎ. లింకన్’. న్యూయార్క్ సైనిక కోటా తగాదా గురించి యుద్ధ మంత్రికి రాసినట్టుంది. ఇక్కడే తేల్చుకోవచ్చా? అద్దం విప్పాలా?

మహేంద్రగిరి_నీడ (పర్లాకిమిడి): అద్దం తర్వాత చూడొచ్చు, ముందు విషయం చదవండి. అమెరికా అంతర్యుద్ధానికి సైనికుల్ని నిర్బంధంగా తీసుకోవడానికి (దీన్నే డ్రాఫ్ట్ అంటారు) తెచ్చిన 1863 మార్చి 3 చట్టం ప్రకారం 20 నుంచి 45 ఏళ్ల మగవాళ్ల పేర్లు నమోదు చేసి, జిల్లాకి ఇంతమంది అని లెక్కకట్టి, లాటరీ తీసేవారు. 300 డాలర్లు కట్టినా, బదులు మనిషిని పంపినా తప్పించుకోవచ్చు. పేదల కడుపు మండింది అక్కడే. జులైలో న్యూయార్క్‌లో అల్లర్లు జరిగాయి. తమ జిల్లాల మీద ఎక్కువ మోపారు, డ్రాఫ్ట్ ఆపండి అని గవర్నర్ హొరేషియో సీమోర్ పట్టుబట్టాడు. ఆగస్టు 7న లింకన్ ఆపనన్నాడు. కాకపోతే 2, 4, 6, 8 జిల్లాల్లో మొదటి విడతకి 2,200 మంది చొప్పునే తీస్తామనీ, అక్కడ పేర్లు మళ్లీ నమోదు చేయిస్తామనీ రాశాడు. మీ కాగితంలో అంకెలుంటే వీటితో పోల్చండి. మంత్రి పేరు స్టాంటన్ అయ్యుండాలి. అంతకు ముందు యుద్ధ మంత్రి కామెరాన్ పేరు ఉంటే నకిలీయే, ఆయన 1862 జనవరిలోనే దిగిపోయాడు.

మాచికాయ_సిరా (రాయగడ): ఆ కాలం సిరా ఎక్కువగా మాచికాయ, అన్నభేది (ఒక ఇనుప లవణం) కలిపి చేసిందే. పాతబడితే గోధుమరంగుకి తిరుగుతుంది. పది రెట్ల భూతద్దంతో చూడండి. పాళీ నొక్కిన చోట గీతకి రెండు అంచులూ ముదురుగా, మధ్య పలచగా కనిపించాలి. మొదలు నుంచి చివరిదాకా ఒకే నలుపు, ఒకే మందం ఉంటే రాతి అచ్చు, అంటే రాతిపలక మీంచి తీసిన ముద్రణ. చుక్కలు కనబడితే ఆధునిక ముద్రణ. దొంగనోట్లు చూసే నీలిదీపం వేస్తే, నీలం కలిసిన తెలుపులో మెరిసే కాగితం రెండో ప్రపంచయుద్ధం తర్వాతిది. మెరవలేదు కదా అని సంబరపడకండి. జోసెఫ్ కోసీ లాంటి ఫోర్జరీ మొనగాళ్లు పాత కాగితం వెతికి మరీ రాసేవారు. అసలు లింకన్ సంతకం సాధారణంగా మెట్లెక్కుతుంది: ‘ఎ’ కింద, ‘లిన్’ కాస్త పైన, ‘కన్’ ఇంకా పైన.

వంశధార_గట్టు: అద్దం మీదుగా చూస్తే గీతంతా ఒకే నలుపండీ. సంతకం కూడా ఒకే వరసలో ఉంది.

మాచికాయ_సిరా: అయితే నూటికి తొంభై పాళ్లు అచ్చే. అయినా నీలిదీపం పరీక్ష అద్దం తీశాకే చేయండి, అద్దం ఆ కాంతిని కొంత ఆపేస్తుంది.

మహేంద్రగిరి_నీడ: ఎండున్న రోజు విప్పండి. కాగితం అద్దానికి అంటుకుని ఉంటే లాగొద్దు, ఆపేయండి. సెల్లోటేపు, లామినేషన్ అసలే వద్దు. మన వైపు వానాకాలం చెమ్మకి మాచికాయ సిరా కాగితాన్నే తినేస్తుంది, కాబట్టి బయటి గోడకి తగిలించకండి. కలరా ఉండలు కాగితాన్ని తాకకూడదు. లింకన్ పత్రాలు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. తేదీ పెట్టి వెతికి, రాత పక్కపక్కన పెట్టుకోండి. అక్షరం మీద అక్షరం అచ్చంగా కూర్చుంటే మీది ఆ ఉత్తరానికి నకలే, ఎవరూ ఒకే ఉత్తరం రెండుసార్లు అలా రాయలేరు.