అంకీసాలో అమ్మ ఇంటి అటక మీద రాత్రిళ్లు ఏదో నడుస్తోంది, చంపకుండా ఎట్లా పంపాలి?

అంకీసా అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచా తాలూకా అంకీసా. నేను పని మీద కరీంనగర్‌లో ఉంటాను, ఊళ్లో అమ్మ ఒక్కతే. నాయనమ్మ నాటి గూనపెంకుల ఇల్లు, నడిమి గది మీద చెక్క అటక, దానిపైన వాసాలు, పెంకులు, దొడ్డివైపు ఒక పాత మామిడిచెట్టు. నెల రోజుల నుంచి రాత్రి పది దాటితే అటక మీద ఏదో బరువుగా తిరుగుతోంది. ఎలుకలైతే గబగబా ఉరుకుతాయి, గీకుతాయి. ఇది అట్లా కాదు, ఈ మూల నుంచి ఆ మూలకు నింపాదిగా పోతుంది, కాసేపటికి పెంకు కదిలిన చప్పుడవుతుంది, ఇక తెల్లవారుజామున నాలుగింటి దాకా ఏమీ ఉండదు, అప్పుడు మళ్లీ పైన ఏదో దూకినట్టు దబ్బున ఒక శబ్దం.

మొన్న ఆదివారం పోయి నిచ్చెన వేసి టార్చితో చూశాను. జంతువు కనబడలేదు. ఒక మూల పాత గోనెసంచులు గుండ్రంగా గుంతపడి ఉన్నాయి. ఉచ్చ కంపు కొడుతోంది, కానీ దానితో పాటే కొత్తబియ్యం ఉడుకుతున్నప్పుడు వచ్చే కమ్మటి వాసన కూడా ఉంది, ఆ రెండూ కలిసి ఎట్లా వస్తాయో నాకర్థం కాలేదు. పక్కనే వాసానికి చుట్టుకుని మూరెడు పాము కుబుసం. అది చూశాక నాకు కాళ్లాడలేదు. పొయ్యి మీద ఏమీ లేనప్పుడు అన్నం వాసన వస్తే పాము తిరుగుతోందని మా నాయనమ్మ అనేది.

అమ్మ భయపడి నడిమి గదిలో పడుకోవడం మానేసింది, వసారాలో చాప వేసుకుంటోంది. మా పెదనాన్న కొడుకు అరటిపండులో గుళికల మందు పెట్టి అటక మీద వదిలేయమంటున్నాడు, తెల్లారేసరికి పని అయిపోతుందట. ఇంకొకాయన బైండింగ్ వైరుతో ఉచ్చు కడతానన్నాడు. అమ్మకు చంపడం ఇష్టం లేదు, నాకూ లేదు, కానీ అరవై ఎనిమిదేళ్ల మనిషిని అట్లా వదిలేసి నాకిక్కడ నిద్ర పట్టడం లేదు. అది ఏమై ఉంటుంది? ఎవరిని పిలవాలి?

తాటివనం:

తమ్మీ, అన్నం వాసన అనగానే తెలిసిపోయింది, అది మానుపిల్లి. మీ దగ్గర మరాఠీ వాళ్లు ఉద్‌మాంజర్ అంటారు. మా నాన్న తాళ్లెక్కేవాడు, పొద్దున కల్లు లొట్టి దించేసరికి కొన్నిసార్లు సగం ఖాళీగా ఉండేది, రాత్రి ఇదే వచ్చి తాగిపోయేది. ఆ వాసన దాని ఒంటి నుంచి వచ్చేదే, పాముది కాదు. రెండు కిలోల నుంచి ఐదు కిలోల దాకా తూగుతుంది, తోక ఒళ్లంత పొడుగు, కళ్ల చుట్టూ నల్లగా ముసుగు వేసినట్టుంటుంది. పళ్లు, ఇప్పపువ్వు, పురుగులు, ఎలుకలు తింటుంది. పగలంతా చెట్టు తొర్రలో పడుకునే జంతువు, తొర్ర దొరక్కపోతే ఇట్లా మనుషుల అటకలెక్కుతుంది. మీద పడి కరిచే రకం కాదు, కానీ మూలకు తోసి కట్టె పట్టుకుంటే మాత్రం ఊరుకోదు.

అనుమానం తీరాలంటే ఒక పని చెయ్యి. పెంకు కదిలేచోట, లోపలి దూలం మీద పొయ్యి బూడిద జల్లెడ పట్టి పల్చగా చల్లు. పొద్దున అడుగులు చూడు. పిల్లి అడుగులో నాలుగు వేళ్లే పడతాయి, గోళ్లు పడవు. మానుపిల్లివి ఐదు వేళ్లు. ఇంకో గుర్తు, ప్రహరీ గోడ మీదో బండ మీదో దాని పెంట ఉంటుంది, ఈతపండ్ల కాలంలో అయితే అందులో గింజలు గింజలుగానే కనబడతాయి.

బల్లార్షా వదిన:

మందు మాత్రం పెట్టొద్దు బాబూ, నీకు దండం పెడతాను. మా అత్తగారింట్లో ఇట్లాగే అటక మీద చప్పుడైతే మా మరిది అరటిపండులో మందు పెట్టాడు. అది తిని బయటికి పోయి చావలేదు, గోడకీ అటకకీ మధ్య సందులో దూరి అక్కడే చచ్చింది. మే నెల. చెక్క ఊడదీస్తే తప్ప చెయ్యి పోని చోటు, మూడు వారాలు ఆ ఇంట్లో అన్నం తినలేకపోయాం, ఈగలు, పురుగులు పైనుంచి మంచం మీద రాలేవి. అంతకంటే పెద్ద బాధ, అది సగం తిని దొడ్లో పడేసిన పండు ముక్కను మా కుక్క తినింది. పదకొండేళ్ల కుక్క, మా పెద్దవాడి కంటే ముందు ఆ ఇంటికొచ్చింది. నురగలు కక్కుతూ నా చేతుల్లోనే పోయింది. పసిపిల్ల ఎవరైనా ఆ ముక్క పట్టుకుని ఉంటే ఏమయ్యేదని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీ అన్న చెప్పే గుళికలు ఫోరేట్ అనే పురుగుమందు అయితే దాన్ని 2020 చివర్లోనే దేశమంతా నిషేధించారు, పాత ప్యాకెట్లు ఇళ్లల్లో ఇంకా పడి ఉంటాయి. ఉంటే ముందు అది పిల్లలకందకుండా తీయించు.

చింతనీడ:

అది పునుగుపిల్లి అండీ, తిరుమల స్వామివారికి శుక్రవారం అభిషేకం తర్వాత పూసే పునుగు దానిదే. ఇంట్లోకి రావడం అదృష్టం. వదిలేయండి, ఏమీ చేయకండి.

అడవి డ్యూటీ:

పైన చెప్పిన పునుగుపిల్లి వేరు. అది ఎక్కువగా నేల మీద తిరిగేది, ఒంటి మీద చారలు, చుక్కలు, తోకకు ఉంగరాల్లా పట్టీలు ఉంటాయి. పునుగు దాని నుంచే తీస్తారు. అటకలెక్కేది మానుపిల్లి, తోకకు పట్టీలుండవు. చంపొద్దు అనే మాట వరకు మీరు చెప్పింది నిజమే.

నేను చంద్రపూర్ వైపు అటవీశాఖలో చాలా ఏళ్లు పనిచేసి దిగిపోయాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికీ వర్తిస్తుంది. చట్టంలో వేట అంటే తుపాకీ ఒక్కటే కాదు, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, బోనులో పట్టడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. మా ఇంట్లోకొచ్చింది కదా అంటే కుదరదు. ఉచ్చు కడతానన్న పెద్దాయనకు ఈ మాట మర్యాదగా చెప్పు, కేసైతే ఆయన మీదే కాదు, ఇల్లు చూపించిన మీ అమ్మ మీదకూ రావచ్చు.

మహారాష్ట్రలో అటవీశాఖ హెల్ప్‌లైన్ 1926, హలో ఫారెస్ట్ అంటారు. మీ అమ్మగారికి మరాఠీ ఇబ్బందైతే నువ్వే చేసి ఊరి పేరు, తాలూకా చెప్పు. దానితో పాటు మీ బీట్ వనరక్షక్ (ఫారెస్ట్ గార్డు) నంబర్ రేంజ్ ఆఫీసులో అడిగి అమ్మ ఫోన్లో వేసి పెట్టు, రాత్రి పూట అదే ఎక్కువ పనికొస్తుంది.

ఇక పంపే సంగతి. పట్టి అడవిలో వదిలినా చోటు ఖాళీగా ఉంటే ఇంకొకటి వస్తుంది, కాబట్టి పట్టడం మీద కంటే దారి మూయడం మీద దృష్టి పెట్టు. ఐతే మూసేముందు ఒకటి తప్పకుండా చూడాలి, లోపల పిల్లలున్నాయేమో. ఈతకు రెండు నుంచి ఐదు దాకా పెడుతుంది. గోనెసంచుల్లో గుంత అన్నావు చూడు, నా అనుమానం అదే. పగటి పూట, ఇల్లు సద్దుమణిగాక, అటక కింద నిలబడి పది నిమిషాలు విను. సన్నగా కీచుమనే చప్పుడు వస్తే పిల్లలున్నట్టే. అట్లాంటప్పుడు కంత మూస్తే తల్లి బయట, పిల్లలు లోపల. తల్లి పెంకులన్నీ పీకేస్తుంది, పిల్లలు ఆకలికి చచ్చి వదినగారు రాసిన కంపే మళ్లీ. నెల, నెలన్నర ఓపిక పట్టాలి. తొందరైతే అటక మీద ఒక బల్బు రాత్రింబవళ్లు వెలగనిచ్చి రేడియో సన్నగా పెట్టు, వెలుతురూ మనిషి గొంతూ దానికి నచ్చవు, తానే ఒక్కొక్క పిల్లను నోట కరుచుకుని వేరేచోటుకు మార్చుకునే అవకాశం ఉంది. కలరా ఉండలు మాత్రం గుప్పెళ్లు పోయొద్దు, ఆ ఘాటు కింద పడుకునే మనిషికే చేటు.

నర్సక్క, మంచిర్యాల:

అందరూ పైనున్నదాని గురించి రాస్తున్నారు, నాకు మాత్రం మీ అమ్మగారు వసారాలో చాప మీద పడుకుంటున్నారన్న ఒక్క మాట దగ్గరే గుండె ఆగింది. ఇవాళే మంచమెక్కించు తమ్ముడూ. మంచం నాలుగు వైపులా దోమతెర, తెర అంచులు పరుపు కిందకు దోపాలి, దుప్పటి నేలకు వేలాడకూడదు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. కరిచినట్టు కూడా తెలియదు, నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, గ్యాస్ అనుకుని గోలీ వేసుకుంటారు, ఆ తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, ఊపిరి ఆడదు. అట్లా ఆలస్యంగా వచ్చినవాళ్లను డ్యూటీలో చూశాను, ఇంట్లోవాళ్లు రాత్రంతా పక్కనే ఉండి కూడా పాము కాటని అనుకోలేదు. కడుపునొప్పితో పాటు రెప్పలు బరువెక్కితే కాటు గుర్తు వెతుకుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి. కట్టు బిగించడం, కోయడం, పసరు తాగించడం వద్దు. విరుగుడు ఇంజెక్షన్ మన దగ్గర నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే, పామును చంపి పట్టుకురావలసిన పని లేదు. మీకు దగ్గరి ఆసుపత్రుల్లో ఏది ఆ మందు పెడుతుందో ఇప్పుడే కనుక్కుని ఉంచుకో.

ఆ కుబుసం ఫోటో దగ్గరగా తీసి పెట్టగలవా? వెన్ను నడిమి వరస పొలుసులు మిగతావాటికంటే పెద్దగా, ఆరు మూలలతో ఉంటే కట్లపాము. అన్నీ ఒకేలా ఉంటే వేరేది. నీకు తెలియకపోతే మీ తాలూకాలో పాములను పట్టి వదిలే సర్పమిత్రలు ఉంటారు, వాళ్లకు పంపు.

ఇంకొకటి, మానుపిల్లి అయినా కుక్క అయినా పన్ను దిగితే సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి, వెంటనే పోయి రేబిస్ టీకా వేయించుకోవాలి. దాన్ని చేత్తో పట్టే ప్రయత్నం ఎవరూ చేయొద్దు.

అంకీసా అబ్బాయి:

అక్కా, మీ మాట చదివిన రాత్రే ఫోన్ చేసి అమ్మను మంచమెక్కించాను, శనివారం దోమతెర కొనుక్కుని పోయాను. నిజం చెప్పాలంటే పైనున్నదానికి భయపడి మేమే ఆమెను కింద పడుకోబెట్టాం, నాకా ఆలోచనే రాలేదు. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు మా వాడలో ఇంటికొక పాము తేలింది, అప్పుడు కూడా ఎవరూ ఈ సంగతి చెప్పలేదు.

బూడిద చల్లాం. తెల్లారి దూలం మీద అడుగులు అచ్చు గుద్దినట్టు పడ్డాయి, వరసగా ఐదేసి వేళ్లు, వెనక కాలి మడమ కూడా. అమ్మ వేలు పెట్టి లెక్కపెట్టింది, పసిపిల్లవాడి చెయ్యిలా ఉందంది. మధ్యాహ్నం అటక కింద నిలబడితే కీచుకీచుమని సన్నగా వినబడింది, ఒకటి కాదు, రెండో మూడో. కుబుసం పొలుసులన్నీ ఒక్కలాగే ఉన్నాయి, సర్పమిత్రకు ఫోటో పంపితే జెర్రిపోతు అయి ఉంటుంది, ఎలుకల కోసం వచ్చి ఉంటుందన్నాడు. పెదనాన్న కొడుకుకు వదిన కుక్క సంగతి చదివి వినిపించాను, ఏమీ అనలేదు, సాయంత్రం తన కొట్టంలో ఉన్న గుళికల ప్యాకెట్ తెచ్చి నాకిచ్చాడు.

వనరక్షక్ వచ్చి చూసిపోయాడు, పిల్లలు పెద్దయ్యేదాకా కదపొద్దని ఆయనా అదే చెప్పాడు. వానలకు ముందు పెంకులు తిరగేయాలి కదా, ఈలోపు అవుతుందా అన్నదే టెన్షన్.

అడవి డ్యూటీ:

అవుతుంది. ఈలోపు సామాను సిద్ధం చేసుకో. అరంగుళం కంతల ఇనుప జాలీ, ప్లాస్టిక్‌ది వద్దు, కొరికేస్తుంది. మామిడికొమ్మ పెంకులకు రెండు మీటర్ల దూరం ఉండేలా కొట్టించు, చెట్టు మొదలుకు మనిషెత్తున రెండు మూడడుగుల వెడల్పు నున్నటి రేకు చుట్టు, గోళ్లు పట్టవు. అమ్మ ముంగిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తుంటే పొద్దుగూకేలోపు ఎత్తి మూతగట్టి డబ్బాలో పెట్టమను, దాని వాసనకు మీ వైపు ఎలుగుబంటి కూడా వస్తుంది.

అది పోయిందనుకున్నాక కంతలో పాత పేపర్ వదులుగా కుక్కు. మూడు రాత్రులు పేపర్ కదలకపోతే లోపల ఏమీ లేనట్టు, అప్పుడే జాలీ కొట్టు. ఊడ్చేముందు బ్లీచింగ్ నీళ్లు చల్లి తడపాలి, ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లౌజులు. ఎలుక ఉచ్చతో వచ్చే జ్వరాలుంటాయి, పొడిదుమ్ము పీల్చొద్దు.

అంకీసా అబ్బాయి:

ఆలస్యంగా రాస్తున్నాను, జూన్ మొదటివారం ఊళ్లోనే ఉన్నాను. బల్బు పెట్టిన ఐదో రాత్రి అమ్మ దొడ్లోకి పోయి చూసిందట, తల్లి మామిడికొమ్మ మీదుగా పిల్లను మెడ దగ్గర కరుచుకుని పోతోంది, పిల్ల కాళ్లు ముడుచుకుని ముద్దలా వేలాడుతోంది. టార్చి వేస్తే ఆగి ఒకసారి చూసి మళ్లీ నడిచింది. అట్లా మూడుసార్లు తిరిగింది. అమ్మ టార్చి ఆపేసి అది అయ్యేదాకా అక్కడే నిలబడిందట, నాకు చెబుతుంటే గొంతు పూడుకుపోయింది.

ఆ తర్వాత పేపర్ కుక్కాం. మొదటి రాత్రి లాగేసింది. మళ్లీ కుక్కాం, మూడు పొద్దుల దాకా అట్లాగే ఉంది. జాలీ కొట్టించి, కొమ్మ కొట్టించి, పెంకులు తిరగేయించాం. గోనెసంచులు కాల్చేశాం. అన్నం వాసన ఇంకా కొంచెం ఉంది. అమ్మ మంచం నడిమి గదిలోకి మార్చింది, దోమతెర మాత్రం తీయనివ్వడం లేదు.

నిన్న పొద్దున ప్రహరీ గోడ మీద ఈతగింజల పెంట కనబడింది, తాజాది. కడిగేయనా అని అడిగితే ఉండనీయమంది.