11 కేవీ బస్ వోల్టేజీ దించితే యూనిట్లు నిజంగా ఎంత మిగులుతాయి?

ప్రశ్న:
33/11 కేవీ సబ్‌స్టేషన్, దాదాపు అన్నీ ఇళ్లే ఉన్న టౌన్ ఫీడరు. 15 రోజులు మామూలుగా నడిపి, తర్వాత 15 రోజులు ఓఎల్‌టీసీతో (సప్లై ఆపకుండానే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి వోల్టేజీ సర్దే పరికరం) బస్ (ఫీడర్లు కలిసే కడ్డీ) వోల్టేజీని 11.2 నుంచి 10.9 కేవీకి దించాం. రోజు సగటు 62,400 యూనిట్ల నుంచి 61,150కి వచ్చింది. వోల్టేజీ 2.7 శాతం, యూనిట్లు 2 శాతం తగ్గాయి కాబట్టి సీవీఆర్ ఫ్యాక్టర్ (వోల్టేజీ ఒక శాతం దించితే యూనిట్లు ఎంత శాతం తగ్గాయన్న అంకె) 0.75. రిపోర్టులో రాయొచ్చా?

జవాబు 1:
ఇప్పుడే రాయకండి. రెండో పక్షం ఒక్క డిగ్రీ చల్లబడి, మీ ఫీడరులో డిగ్రీకి 1.5 శాతం లోడు మారేదైతే, మిగిలేది అర శాతమే. ఫ్యాక్టర్ 0.19కి పడిపోతుంది. రోజు విడిచి రోజు దించండి. వారానికి 7 రోజులు కాబట్టి ఆదివారాలు రెండు వైపులా సమానంగా పడతాయి. ట్యాప్ అర్ధరాత్రి 12కే మార్చండి. సప్లై పోయిన రోజులు, పక్క ఫీడరు లోడు ఎత్తుకున్న రోజులు తీసేయండి. ఉష్ణోగ్రత లెక్క సరిచేశాక కూడా రోజుకూ రోజుకూ 2 శాతం ఊగుతుంటే, 15+15 రోజుల్లో తేడాకు ప్రామాణిక దోషం (యాదృచ్ఛికంగా అటూ ఇటూ పోయే మేర) 0.73 శాతం, 30+30కి 0.52. కనీసం 60 రోజులు నడపండి.

జవాబు 2:
పీటీ (వోల్టేజీని తగ్గించి మీటరుకు అందించే పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్) ఫ్యూజులు కూడా చూడండి. ఒక ఫేజు ఫ్యూజు పోతే మీటరు దాదాపు మూడో వంతు యూనిట్లు నమోదు చేయదు. 15 రోజుల్లో ఒక్క రోజు అలా జరిగినా సగటు 2.2 శాతం తగ్గినట్టు కనబడుతుంది, అచ్చం మీకొచ్చిన అంకె! లోడ్ సర్వేలో (మీటరు దాచుకునే రికార్డు) మూడు ఫేజుల వోల్టేజీనీ 15 నిమిషాల బ్లాకుల వారీగా చదవండి.

ప్రశ్న అడిగినవారు:
చూస్తాను, ధన్యవాదాలు. ఒక సందేహం: గీజర్లకు పవర్ వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి తగ్గుతుంది కదా, ఆదా ఇంకా ఎక్కువ రావాలి కదండీ?

జవాబు 3:
కిలోవాట్లు తగ్గుతాయి గానీ నీళ్లు అదే వేడికి రావాలి, అంచేత థర్మోస్టాట్ ఎక్కువసేపు ఆన్‌లో ఉంటుంది. రోజు మొత్తంలో యూనిట్లు దాదాపు అంతే. ఎల్‌ఈడీలు, ఇన్వర్టర్ ఏసీలు వోల్టేజీ తగ్గితే కరెంటు పెంచుకుంటాయి. ఆదా ఇవ్వకపోగా లైను నష్టం కాస్త పెంచుతాయి. మిగిలేది పాత సీలింగ్ ఫ్యాన్లలో, డీటీఆర్‌ల (వీధుల్లోని డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లు) ఐరన్ లాస్‌లో (ఇనుప కోర్‌లో పోయే నష్టం). ఫ్యాను స్పీడు తగ్గుతుందన్నది కూడా రిపోర్టులో రాయండి, అది వినియోగదారుడు భరించేదే.

అదే బస్ మీద వ్యవసాయ ఫీడరు ఉంటే ఇంకా జాగ్రత్త. చివరి డీటీఆర్ కింద 5 హెచ్‌పీ మోటారు తక్కువ వోల్టేజీకి ఎక్కువ ఆంపియర్లు లాగి వైండింగ్ కాల్చుకుంటుంది. రాత్రి 7 నుంచి 10 మధ్య చివరి స్తంభం దగ్గర ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య కొలవండి. 230లో 6 శాతం పోతే 216 వోల్టులు, అంతకంటే దిగకూడదు. ఇప్పటికే 218 ఉంటే దించే చోటే లేదు. ముందు లూజుగా ఉన్న న్యూట్రల్ జాయింటు బిగించి, ఫేజుల లోడు సర్దండి. ఆ తర్వాతే ట్యాప్ ముట్టుకోండి.