బొమ్మలు బోలెడున్నాయి, కానీ మూడేళ్ళ పాప పది నిమిషాలు కూడా ఆడదు – ఏం చేయాలి?

చిన్నూ వాళ్ళమ్మ, హైదరాబాద్:
మా పాపకి మూడేళ్ళు నిండాయి. అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు, నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. పుట్టినరోజుకి వచ్చిన బొమ్మలే రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి, బటన్ నొక్కితే పాడేవి, నడిచేవి, అన్నీ. దేనితోనూ పది నిమిషాలు ఆడదు, "అమ్మా, ఇప్పుడేం చేయను" అంటూ నా చుట్టూనే తిరుగుతుంది. మీటింగ్ ఉంటే ఫోన్ ఇచ్చేస్తున్నాను, రోజుకి రెండు గంటలు దాటుతోంది, అదే నాకు పెద్ద టెన్షన్. తనంతట తాను ఆడుకునేలా ఏమైనా కొనాలా?

ఇద్దరు పిల్లల తల్లి, విజయవాడ:
ఏమీ కొనకండి. ఐదారు బొమ్మలు బయట ఉంచి మిగతావి అటకెక్కించండి, రెండు వారాలకోసారి మార్చండి. బటన్ బొమ్మ చేసేది ఒక్కటే, అది చూసేశాక పాపకి అందులో పనేం ఉంటుంది? నాలుగు స్టీలు గిన్నెలు, ఒక గరిటె, పాత చున్నీ ఇచ్చి చూడండి. మా వాడికి ఒకే చున్నీ పొద్దున పంచె, మధ్యాహ్నం రెండు కుర్చీల మధ్య గుడారం, సాయంత్రం చేపలున్న చెరువు. ఎప్పుడైనా కొనాలనిపిస్తే ఏటికొప్పాక లక్కపిడతలు కొనండి, అంకుడు కర్రతో చేస్తారు, గుజ్జనగూళ్ళు ఆడుకోవడానికి అంతకంటే మంచివి నేను చూడలేదు. కొండపల్లి బొమ్మలు నాకూ ఇష్టమే కానీ పొణికి కర్ర బాగా తేలిక, పిల్లల చేతిలో విరిగిపోతాయి.

ప్రీస్కూల్ టీచర్:
మూడేళ్ళకి పది నిమిషాలు తక్కువేం కాదండీ, ముందు ఆ దిగులు వదిలేయండి. నేను ఎక్కువగా చూసేది ఏంటంటే, పిల్లలు ఆటలో మునిగి ఉన్నప్పుడు మనమే వెళ్ళి "ఇది ఏ రంగు, ఎన్ని ఉన్నాయి" అని పరీక్ష మొదలుపెడతాం, ఆట అక్కడే ఆగిపోతుంది. మీటింగ్‌కి ముందు పావుగంట పక్కన కూర్చోండి, తను చెప్పినట్టు మీరు ఆడండి, ఆ తర్వాత మెల్లగా లేచి వెళ్ళండి. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, సుమారు ఒక కప్పు నీళ్ళు కలిపి ముద్ద చేసివ్వండి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని రోజులు వస్తుంది. పసుపు వేస్తే రంగు బాగుంటుంది కానీ బట్టలకి మరక పోదు, పాత గౌను వేయండి. ఫోన్ సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది 2 నుంచి 4 ఏళ్ళ వాళ్ళకి గంటకి మించొద్దని. మూడేళ్ళు దాటినవాళ్ళు రోజు మొత్తం మీద 180 నిమిషాలు ఒళ్ళు కదిలించాలనీ, అందులో 60 నిమిషాలు చురుగ్గా ఉండాలనీ కూడా అందులోనే ఉంది. కాబట్టి సాయంత్రం తప్పకుండా కిందికి తీసుకెళ్ళండి.

ఒక నాన్న, కాకినాడ:
అందరూ గింజలూ నీళ్ళూ ఇవ్వమంటారు కాబట్టి ఒక మాట. మా బాబు శనగగింజ ముక్కులో పెట్టుకుంటే రాత్రిపూట ఆసుపత్రికి పరిగెత్తాం. చింతపిక్కలు, గవ్వలు, బటన్ బ్యాటరీలు ఈ వయసులో అసలు అందనివ్వకండి. నీళ్ళాట అయితే మీరు పక్కనే ఉండాలి, మీటింగ్ టైమ్‌లో వద్దు, బకెట్‌లో కొద్ది నీళ్ళున్నా ప్రమాదమే.

చిన్నూ వాళ్ళమ్మ:
వారం అయింది. బొమ్మలు అటకెక్కాయి, ఒక్కదాని గురించి కూడా అడగలేదు! నిన్న ఖాళీ గిన్నెలో పప్పు వండి, ఊది మరీ నాకు తినిపించింది, ఇరవై ఐదు నిమిషాలు ఆడింది. ఫోన్ ఇంకా పూర్తిగా మానలేదు, ఒక మీటింగ్‌కి ఇస్తున్నాను. ఒక సందేహం టీచర్ గారూ, ఆ ఉప్పు ముద్ద నోట్లో పెట్టుకుంటోంది, పర్వాలేదా?

ప్రీస్కూల్ టీచర్:
నాలికకి తగిలితే చాలామంది వెంటనే ఉమ్మేస్తారు, కానీ మింగనివ్వకండి, అందులో ఉప్పు చాలా ఎక్కువ. అలవాటు మానకపోతే మామూలు చపాతీ పిండి ఇవ్వండి, ఏ రోజుది ఆ రోజే పారేయండి.