తమ్ముడికి సైకోసిస్, గంజాయి మానడం లేదు. ఇంట్లో ఎలా మాట్లాడాలి?

సీతమ్మధార అక్క:
మా తమ్ముడికి 21 ఏళ్లు. పక్క గదివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఫోన్‌లో ఎవరో వింటున్నారని హాస్టల్లో మొదలైంది. లేనిది నిజమనిపించే ఈ జబ్బునే సైకోసిస్ అంటారట. ఇప్పుడు దానికి ఓలాంజపిన్ అనే మాత్ర వేసుకుంటున్నాడు, కాస్త నయం. కానీ సాయంత్రమైతే ఫ్రెండ్స్‌తో వెళ్లి గంజాయి తాగి వస్తాడు. "అది తాగితేనే నిద్ర పడుతోంది. మీ మాత్రలే నన్ను మొద్దుబారుస్తున్నాయి" అంటాడు. నాన్న డబ్బులు ఆపేశారు, రోజూ జేబులు వెతుకుతున్నారు. పోలీసుల గొడవ వస్తుందని డాక్టర్‌కి గంజాయి మాటే ఎత్తనివ్వరు. పెద్దమ్మేమో దిష్టి అంటోంది, అది వేరే కథ. ఏం చేయమంటారు?

మధురవాడ:
డీఅడిక్షన్ సెంటర్లో మూణ్నెల్లు పడేయండి. దారికొస్తాడు.

వార్డు సిస్టర్:
పడేయడం కాదన్నా, అక్కడ సైకియాట్రిస్ట్ లేక మాత్రలు ఆగిపోతే జబ్బు తిరగబెడుతుంది.

అమ్మా, నేను సైకియాట్రీ వార్డులో నర్సుని. ముందు డాక్టర్‌కి అంతా చెప్పండి. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. సిగరెట్ సంగతి కూడా చెప్పండి, వీళ్లు గంజాయిని ఎక్కువగా పొగాకులో కలిపే చుడతారు. పొగ వల్ల ఒంట్లో ఓలాంజపిన్ తొందరగా కరిగిపోతుంది. పొగ ఆపితే అదే డోసు ఎక్కువై మత్తుగా ఉంటుంది. కాబట్టి తగ్గించే ముందే డాక్టర్‌కి తెలియాలి.

"మానతావా లేదా" అని అడగొద్దు. నిద్ర కోసం అన్నాడు కదా, అక్కడ పట్టుకోండి. ఆపిన మొదటి వారం నిద్ర పట్టదు, చిరాకు, అన్నం సహించదు. రెండు వారాలకి చాలామందికి సర్దుకుంటుంది. ఇది ముందే చెప్పకపోతే "చూశారా, అది లేకపోతే బతకలేను" అంటాడు. ఒకేసారి మానలేకపోతే రోజు విడిచి రోజైనా సరే, అదీ లెక్కే. తాగొచ్చిన రోజు కూడా మాత్ర మానిపించొద్దు. భయపడి ఆపేసే ఇళ్లు చాలా చూశాను.

డబ్బు విషయం. ఇంగ్లండ్‌లో సైకోసిస్ ఉన్న 551 మంది యువతతో ఒక పరిశోధన చేశారు. సగం మందికి 12 వారాలు, మూత్ర పరీక్షలో గంజాయి లేకపోతే షాపింగ్ వోచర్లు ఇచ్చారు. ఆ వోచర్ల వల్ల జబ్బు తిరగబెట్టి ఆసుపత్రిలో చేరడం ఏమీ ఆలస్యం కాలేదు. బహుమతులకే లొంగనిది జేబులు వెతికితే లొంగుతుందా? ఇంకోటి, రోజూ తాగేవాడు ఆపినా వారాల తరబడి పరీక్షలో కనిపిస్తూనే ఉంటుంది. పాజిటివ్ వచ్చిందని అబద్ధాలకోరు అనేయకండి.

సీతమ్మధార అక్క:
థ్యాంక్స్ సిస్టర్. మరి ఆ ఫ్రెండ్స్‌ని ఏం చేయాలి?

కొత్తవలస:
అక్కా, నాకూ ఇదే జబ్బు. వాళ్లతో తిరగొద్దంటే వాడికి మిగిలేది గోడలే. నాకైతే ఆరు నుంచి ఎనిమిది వరకే కష్టంగా ఉండేది. ఆ టైమ్‌కి మా బావ షటిల్ బ్యాట్ పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. గంజాయి ఊసెత్తేవాడు కాదు, "పద, కోర్టు దొరకదు" అంతే. టీ కొట్టు దగ్గర ఫ్రెండ్స్‌ని ఇప్పటికీ కలుస్తాను, వాళ్ల గదికి మాత్రం వెళ్లను.

వార్డు సిస్టర్:
బావగారికి నా దండం. అమ్మా, రాత్రిపూట ఏదైనా అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతానన్నా, ఎవరినైనా కొడతానన్నా ఫోన్లతో ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.