నాన్నకి మూడో వైరు కరోనరీ సైనస్‌లోకి వెళ్ళలేదు, ఇప్పుడు ఏ దారి మంచిది?

అందరికీ నమస్కారం, మాది వైజాగ్, గాజువాక. నాన్నకి 64 ఏళ్ళు. గుండె పంపింగ్ 30 శాతమే ఉంది, లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె ఎడమ వైపుకి కరెంటు వెళ్ళే దారిలో అడ్డు) కూడా ఉందని పోయిన వారం సీఆర్‌టీ పేస్‌మేకర్ (గుండె రెండు వైపులా కలిసి కొట్టుకునేలా మూడు వైర్లతో కరెంటు ఇచ్చే మిషను) పెట్టడానికి తీసుకెళ్ళారు. రెండు వైర్లు బాగానే కుదిరాయి, మూడోదే కుదరలేదు.

డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు: గుండె కండరం వాడేసిన చెడు రక్తంలో చాలా భాగాన్ని పోగుచేసి కుడి కర్ణికలో పోసే పెద్ద సిర కరోనరీ సైనస్, గుండె వెనక ఎడమ కర్ణికకీ ఎడమ జఠరికకీ మధ్య గాడిలో ఉంటుంది, మూడో వైరు అందులోంచి రక్తానికి ఎదురెక్కి ఎడమ జఠరిక మీది కొమ్మలోకి చేరాలి. నాన్నకి దాని మూతి దగ్గరుండే థెబీసియన్ కవాటం అడ్డుపడిందట. వాళ్ళు చాలాసేపు ప్రయత్నించారు, తప్పు పట్టను.

ఇప్పుడు మళ్ళీ ప్రయత్నించడమా, ఆపరేషన్ చేసి గుండె పైన వైరు కుట్టడమా, లేక లెఫ్ట్ బండిల్ దగ్గరే వైరు పెట్టడమా అని మమ్మల్నే ఆలోచించుకోమన్నారు. ఆపరేషన్ అంటేనే అమ్మ ఏడుస్తోంది, నాకూ టెన్షన్‌గా ఉంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా? రెండోసారికి ముందు సిరల దారి చూడ్డానికి సీటీ తీయించారా? నాన్న కిడ్నీలు కొంచెం వీక్, అందుకే సీటీకి ఎక్కించే ఆ డై (రంగు మందు) అంటే భయం. గుండె డాక్టర్లెవరైనా చూస్తే దయచేసి చెప్పండి, సోమవారం మళ్ళీ వెళ్ళాలి, అక్కడ ఏం అడగాలో కూడా.