పాత ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్: వేగం నిలవడం లేదు, వేడెక్కాక ఆగిపోతోంది

టెక్సస్_సేద్యం:
అందరికీ నమస్కారం. మా పొలంలో 1949 నాటి ఫోర్డ్ 8ఎన్ ఉంది. పెట్రోల్ ఇంజన్, 6 వోల్టుల బ్యాటరీ, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు కరెంటు పంచే భాగం) ముందువైపు ఉండే పాత రకం. చల్లగా ఉన్నప్పుడు వెంటనే స్టార్ట్ అవుతుంది గాని, గడ్డి కోసే యంత్రం తగిలించి థ్రాటిల్ పెంచితే వేగం ఒక తీరున నిలవకుండా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కొంతసేపటికి మిస్సింగ్ (ఇంజన్ మధ్యమధ్య తడబడడం) మొదలై ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మామూలే. కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) మార్చమని ఒకరు, గవర్నర్ (ఇంజన్ వేగాన్ని నిలకడగా ఉంచే భాగం) విప్పమని ఒకరు చెబుతున్నారు. దేనితో మొదలుపెట్టమంటారు?

ఒహాయో_పానా:
దయచేసి కార్బురేటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. బండి ఆగిన వెంటనే, ఇంకా వేడిగా ఉండగానే, ట్యాంకు మూత వదులు చేసి చూడండి. మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే పెట్రోల్ కిందికి దిగదు. వదులు చేయగానే స్టార్ట్ అయితే దోషం అక్కడే ఉంది. కాకపోతే ప్లగ్ వైరు తీసి, నిప్పురవ్వ పావు అంగుళం దూకుతోందో లేదో చూడండి. వేడిలో దూకక, చల్లారాక దూకితే ముందు కాయిల్‌ను (నిప్పురవ్వకు కావలసిన ఎక్కువ వోల్టేజిని పుట్టించే చుట్ట), తర్వాత కండెన్సర్‌ను (పాయింట్లకు తోడుగా ఉండే చిన్న విద్యుత్ భాగం) అనుమానించాలి. మీ రకంలో కాయిల్ డిస్ట్రిబ్యూటర్ మీదే కూర్చుని ఇంజన్ వేడంతా భరిస్తుంది. బ్యాటరీ పాజిటివ్ తీగే ఎర్త్‌కు వెళ్లాలన్నది కూడా సరిచూసుకోండి.

పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటును కలిపి తెంచే కొనలు) గ్యాప్ మీ డిస్ట్రిబ్యూటర్‌కు 0.015 అంగుళం. 1950లో పక్కకు మారిన డిస్ట్రిబ్యూటర్‌కు అది 0.025. ఈ రెండు అంకెలు తారుమారైతే టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) కూడా చెడుతుంది, ఎందుకంటే గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి. మీ రకానికి టైమింగ్‌ను డిస్ట్రిబ్యూటర్ విప్పి బల్ల మీద పెట్టుకుని సరిచేయాలి కనుక పాయింట్లు కూడా అప్పుడే చూసుకోవడం మేలు. ఫైరింగ్ వరుస (సిలిండర్లు మండే క్రమం) 1-2-4-3.

పాతబండి_ప్రేమి:
పానా గారి మాటే నాదీ. వేగం ఊగడం గురించి మాత్రం కొంత చేరుస్తాను. ఊగుతున్నప్పుడు చోక్ (కార్బురేటర్‌లోకి గాలిని తగ్గించే మీట) కొద్దిగా లాగి చూడండి. నిలకడ వస్తే పెట్రోల్ చాలడం లేదని అర్థం, గవర్నర్‌ది తప్పు కాదు. కార్బురేటర్ అడుగు ప్లగ్ తీసి డబ్బాలో పడితే రెండు నిమిషాల్లో కనీసం అర లీటరు దిగాలి. ఇది బాగా గాలి ఆడే చోట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చేయండి. ధార సన్నబడితే జల్లెడలు శుభ్రం చేయండి. కార్బురేటర్‌లోకి దిగే ఇత్తడి వంపు గొట్టంలో ఉండే జల్లెడను చాలామంది చూడనే చూడరు. ఐడిల్ స్క్రూ (ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు మిశ్రమాన్ని సరిచేసే మర) విషయంలో ఒక జాగ్రత్త: ఈ కార్బురేటర్‌లో అది గాలిని అదుపు చేస్తుంది, అందుకే లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది (పెట్రోల్ పాలు పెరుగుతుంది).

టెక్సస్_సేద్యం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వేడిలో నిప్పురవ్వ దూకలేదు. కాయిల్ మార్చాక ఆగడం పోయింది. వంపు గొట్టం జల్లెడ నిండా తుప్పు పొడి ఉంది, శుభ్రం చేశాను. అయినా థ్రాటిల్ పూర్తిగా లాగినప్పుడు వేగం ఇంకా కొంచెం ఊగుతోంది.

పాతబండి_ప్రేమి:
అయితే ఇప్పుడు గవర్నర్ వంతు. ఇంజన్ ఆపి థ్రాటిల్ పూర్తిగా లాగితే కార్బురేటర్‌లో ఇంజన్‌కు వెళ్లే మిశ్రమాన్ని అదుపు చేసే రేకు చివరిదాకా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే గవర్నర్‌కు, కార్బురేటర్‌కు మధ్యనున్న కడ్డీ పొడవు సరిచేయండి. కడ్డీ కొసల్లో లూజు ఉన్నా, కార్బురేటర్ ఇరుసు అరిగి పట్టేస్తున్నా ఇలాగే ఊగుతుంది. ఇవన్నీ బాగుంటేనే గవర్నర్ విప్పి లోపలి అరుగుదల చూడండి.